రేపు స్లాబు : కట్టడపు పనిలో తొందర, ప్రాణరక్షణ

గత వేసవిలో ఒకనాటి ఉదయము మేము శబ్దగ్రహణ యంత్రమును చేతబట్టుకొని నగరపు శివారున లేచుచున్న ఒక పెద్ద కట్టడము వద్దకు వెళ్ళితిమి. కట్టడపు పనివారి కష్టసుఖములను వారి నోటనే శ్రోతలకు వినిపింపవలెనని మా సంకల్పము. తొమ్మిదవ అంతస్తునకు మెట్లెక్కి పోవుసరికి మాకు ఆయాసము వచ్చినది. అక్కడివారికి ఆయాసపడుటకైనను తీరిక లేదు. సెంట్రింగు పని జరుగుచుండెను. ముప్పది యేండ్లు నిండని పనివాడొకడు అంచున కూర్చుండి పలకలు బిగించుచున్నాడు. అతని రక్షణ బెల్టు ప్రక్కనున్న ఇనుప ఊచకు వ్రేలాడుచున్నది. తలమీద ఉండవలసిన హెల్మెటు వెల్లకిల పడియున్నది. దాని నిండ మేకులు.

“బెల్టు పెట్టుకోలేదేం తమ్ముడూ?” అని అడిగితిమి.

“పెట్టుకుంటే పని సాగదు సార్. రేపు స్లాబు” అని అతడు తలయెత్తకుండనే బదులు చెప్పెను.

మేము అరగంట సేపు అతనితోను, తోడివారితోను మాటలాడి యంత్రమును కట్టివేసితిమి. దిగి వచ్చునప్పుడు మేస్త్రీ ఎదురయ్యెను. మర్యాదస్థుడే. కాని మనసులోని మాట దాచుకొనలేదు. “మీరు అరగంట తీసుకున్నారు సార్. ఆ అరగంట వీళ్ళు ఎక్కడినుంచి తేవాలి?” అనెను. మాకు సమాధానము తోచలేదు. ఆ అరగంట ఎక్కడినుండి వచ్చునో ఆ రాత్రి మాకు తెలిసినది. బెల్టు కొక్కెము తగిలింపకుండుట వలన మిగిలిన క్షణములనుండి వచ్చును, నిచ్చెన దిగకుండ దుమికిన దుముకులనుండి వచ్చును, మధ్యాహ్నము గుటుక్కున మ్రింగిన ముద్దలనుండి వచ్చును.

కట్టడపు ప్రమాదములనుగూర్చి మాటలాడునప్పుడు ‘అజాగ్రత్త’ యను మాట మన నాలుకపై సిద్ధముగ నుండును. పనివాడు పడిపోయెను, బెల్టు లేదు, కావున తప్పు అతనిదే యని మూడు ముక్కలలో విచారణ ముగియును. ఈ నేరమునందు మాకును భాగము కలదు. ఏండ్ల తరబడి ‘హెల్మెటు ధరింపుడు, బెల్టు కట్టుకొనుడు’ అని మేము ప్రసారము చేయుచునే యున్నాము. వినువారు తల యూపుచునే యున్నారు. బెల్టు ఊచకు వ్రేలాడుచునే యున్నది.

‘రేపు స్లాబు’ అనగా నేమియో ఇండ్లు కట్టించుకొన్నవారికి తెలియును. ఆ ముందునాడు ఒకే అంతస్తుమీద సెంట్రింగువారు, ఇనుము కట్టువారు, కరెంటు గొట్టములు పరచువారు, నీటి గొట్టములవారు ఒకరి కాళ్ళలో ఒకరు తిరుగుచుందురు. మరునాటి కాంక్రీటు లారీలకు ముందే కబురు పోయియుండును. కలిపిన కాంక్రీటు ఎవరికొరకును వేచియుండదు. బయలుదేరినది మొదలు సుమారు రెండు గంటలలో అది చేరవలసిన చోటికి చేరవలెను. పోయుట ఆరంభించిన పిదప నడుమ ఆపరాదు. ఆపినచో పాత పోతకును క్రొత్త పోతకును నడుమ అతుకు బలహీనమై, ఇంటి యజమాని పది వానకాలములు ఆ గీతవెంట నీరు కారుట చూడవలసి యుండును. పైగా ఆకాశమున మబ్బు. కావున తొందర అంతయు గుత్తేదారుని లోభమువలననే పుట్టినదనుట న్యాయము కాదు. కొంత తొందర సిమెంటు గుణమునందే యున్నది. అయితే సిమెంటు తొందర మరునాటిది. ముందునాటి తొందర మాత్రము మనుష్యులు లెక్క తప్పి వేసినది. నాలుగు దినముల పనిని మూడు దినములకు కుదించినవాడు తొమ్మిదవ అంతస్తు అంచున కూర్చుండడు.

ఒత్తిడికి లోనైన మనసు చేయు పనియేమి? మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని చిరకాలముగ పరిశీలించుచున్నారు. యెర్క్స్, డాడ్సన్ అను ఇరువురు 1908లో ఎలుకలపై ప్రయోగములు చేసి, ప్రేరేపణ ఒక హద్దు వరకు పెరిగిన నేర్పు పెరుగుననియు, హద్దు దాటినచో, అందునను కఠినమైన పనియందు, తగ్గుననియు చూపిరి. 1959లో ఈస్టర్‌బ్రూక్ అను నతడు, ఉద్వేగము హెచ్చినకొలది మనసు గమనించు వలయము కుంచించుకొని పోవునని ప్రతిపాదించెను. మన ప్రసంగమునకు ఈ రెండవ మాట ముఖ్యము. తొందరలోనున్న పనివానికి చూపు తగ్గదు, చేతి నేర్పు తగ్గదు. సుత్తి మేకు తలమీదనే పడుచుండును. తగ్గునది ప్రక్కచూపు. వెనుక రెండడుగుల దూరమున పలక తీసివేసిన సందు ఉన్నదని అతడెరుగును, ప్రొద్దున తీసినవాడు అతడే. కాని ఆ క్షణమున ఆ సంగతి అతని మనసున ఉండదు. దీనినే మన పనివారు ‘మనసు మనసులో లేదు’ అందురు. శాస్త్రజ్ఞులు ఇన్ని పుటలలో చెప్పినదానిని ఇంత చక్కగ చెప్పిన మాట మాకు వేరొకటి తోచలేదు.

హాంకాంగ్ నగరమునందలి పరిశోధకులు 395 మంది కట్టడపు పనివారిని ప్రశ్నించి, ఫలితములను 2012లో ప్రకటించిరి. మానసికమైన ఒత్తిడి మితముగ నున్నప్పుడు పనివారు మిక్కిలి జాగ్రత్తగ నడుచుకొనిరనియు, ఒత్తిడి బొత్తిగ లేనప్పుడును, మితిమీరినప్పుడును జాగ్రత్త తగ్గెననియు వారు కనుగొనిరి. ఒత్తిడి లేనిచోట జాగ్రత్త యేల తగ్గవలెనని శ్రోతలు అడుగవచ్చును. ఇరువదియేండ్లు పరంజామీద నడచినవాని నడక చూచిన తెలియును. మొదటి యేడు అతనికి భయముండెను. భయము అతనిని కాపాడెను. ఇప్పుడతనికి పరంజా ఇంటి అరుగువంటిది.

ఆ పరిశోధకులు కనుగొన్న మరియొక సంగతి మాకు ఆశ్చర్యము కలిగించినది. రక్షణకొరకు ఇచ్చిన పరికరము సరియైనది కానిచో, అదియే ఒత్తిడికి కారణమగుచున్నదట! ఇది చదివిన పిదప మేము కట్టడముల వద్ద పరికరములను పరికించి చూచుట మొదలిడితిమి. మే నెల యెండలో ప్లాస్టిక్ హెల్మెటు క్రింద తల ఉడికిపోవును. చెమట కంటిలో దిగును. కన్ను తుడుచుకొనుటకు చేయి విడువవలెను. బూట్లు వచ్చును గాని ఒకటి రెండు కొలతలలోనే వచ్చును. చిన్న పాదము గలవాడు లోపల గుడ్డ కుక్కుకొని నడచును, లేదా చెప్పులతోనే ఊచలమీద నడచును. బెల్టు సంగతి మరియు విచిత్రము. ఆ పనివాడు బెల్టు కట్టుకొనినను దాని కొక్కెము దేనికి తగిలింపవలెను? అంచువెంట బిగువైన త్రాడు గాని, తీగ గాని కట్టియుండలేదు. రెండడుగులకొకసారి కొక్కెము విప్పి, మరియొక ఊచ వెదకి, మరల తగిలింపవలెను. అట్లు చేసినచో పని సాగదని అతడన్న మాట సాకు కాదు, లెక్క.

స్త్రీల విషయమును ప్రత్యేకముగ చెప్పవలెను. మన దేశమున కట్టడపు పనిలో తట్ట మోయు స్త్రీలు వేలకు వేలున్నారు. తలపై చుట్టకుదురు, దానిపై ఇసుక తట్ట. ఈమెకు హెల్మెటు ఇచ్చి ధరింపుమనిన ఎట్లు ధరించును? హెల్మెటుమీద కుదురు నిలువదు, కుదురుమీద హెల్మెటు కూర్చుండదు. ఆమె హెల్మెటును గోడప్రక్కన పెట్టును. తనిఖీకి ఎవరో వచ్చుచున్నారని కేక వినబడగానే తట్ట దించి దానిని పెట్టుకొనును. ఒక తల్లి మాతో అన్నది: “టోపీ నెత్తికా, నెత్తి బరువుకా అయ్యా? రెండిట్లో ఒకటి చెప్పండి.” ఆమె బిడ్డ క్రింద ఇసుక కుప్పనీడన చీర ఉయ్యాలలో నిద్రించుచుండెను. తట్ట దించిన ప్రతిసారి ఆమె ఆ వంక చూచుచుండెను. ప్రమాదపు విచారణ పత్రములలో ఈ చూపునకు గడి లేదు. క్రింద పసిపిల్లలను చూచుకొనుటకు ఒక ఆయాను నియమించినచో పైయంతస్తున ఒక జత కాళ్ళు నిలకడగ నడచునని ఏ ఇంజనీరునకును ఎవరును నేర్పినట్లు లేదు.

నిద్రమాట కూడ చెప్పవలెను. పదునేడు మొదలు పందొమ్మిది గంటలు ఎడతెగక మేలుకొనియున్నవాని చురుకుదనము, రక్తమున 0.05 శాతము మద్యము ఉన్నవాని చురుకుదనము వంటిదో, అంతకు తక్కువయో అని 2000లో ప్రకటింపబడిన ఒక పరిశోధన తేల్చినది. తెల్లవారుజామున అయిదింటికి లేచి, రాత్రి పదింటికి ఫ్లడ్ లైట్ల క్రింద ఇనుము కట్టువాడు ఆ లెక్కకు వచ్చినవాడే. త్రాగి పనికి వచ్చినవానిని మేస్త్రీ గేటువద్దనే వెనుకకు పంపును. నిద్ర లేనివానిని మాత్రము ‘గట్టివాడు’ అని మెచ్చుకొనును.

తొందర మూల్యమెంతయో చరిత్రలో ఒకచోట మిక్కిలి స్పష్టముగ వ్రాయబడియున్నది. అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున విల్లో ఐలెండ్ అనుచోట ఒక విద్యుత్కేంద్రమునకు, వేడినీటిని చల్లార్చు పెద్ద గోపురమును కట్టుచుండిరి. దినమునకొక వరుస చొప్పున అయిదడుగుల యెత్తు కాంక్రీటు వలయమును పోయుట పద్ధతి. పనివారు నిలుచు పరంజా నేలనుండి లేచినది కాదు. ముందు దినములలో పోసిన కాంక్రీటునకే బిగించి వ్రేలాడదీసినది. గోపురము లేచినకొలది పరంజాయు లేచును. 1978 ఏప్రిల్ 27వ తేదీ ఉదయమున 166 అడుగుల యెత్తున పని మొదలైనది. ముందునాడు పోసిన వలయము రాత్రి చలికి ఇంకను గట్టిపడలేదు. క్రొత్త కాంక్రీటును పైకి లాగుచుండగా ఆ పచ్చి వలయము ఊడినది. పరంజా గోపురము చుట్టును వరుసగ విడివడుచు లోపలికి కూలినది. పరంజామీదనున్న 51 మందియు మరణించిరి. వారిలో ఒకే కుటుంబమువారు పలువురు.

ఆ 51 మందిలో ఎవరు అజాగ్రత్తగ నున్నారు? వారందరును బెల్టులు కట్టుకొనియున్నను బెల్టులు తగిలింపవలసినది ఆ పరంజాకే కదా! దినమునకొక వరుస యని కాగితముమీద వ్రాసినవానికి కాంక్రీటు బలమును కొలిచి చూచువరకు ఓపిక లేకపోయెను. ఒత్తిడి పనివానియందే పుట్టునదని తలచువారు ఈ ఉదంతమును గుర్తుంచుకొనవలెను. అది పైన పుట్టి క్రిందికి ప్రవహించును. క్రింద ఇక దిగుటకు చోటులేనప్పుడు అక్కడనున్నవాని మీద పడును.

దీనికి ఎదురుగ మరియొక ఉదాహరణము. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున గోల్డెన్ గేట్ వంతెనను 1933 మొదలు 1937 వరకు కట్టిరి. దాని ముఖ్య ఇంజనీరు జోసెఫ్ స్ట్రాస్ వంతెన క్రింద పొడవునను గట్టి వల కట్టించెను. ఆ కాలమున 1,30,000 డాలర్లు దానికైన వ్యయము. పందొమ్మిదిమంది జారి ఆ వలలో పడి బ్రదికిరి. వారు తమకు తాము ‘నరకమునకు సగము దారి పోయి వచ్చినవారి సంఘము’ అని హాస్యముగ పేరు పెట్టుకొనిరి. వల వచ్చిన పిదప భయము తగ్గి పని వడిగ సాగెనని ఆనాటివారు చెప్పుకొనిరి. 1937 ఫిబ్రవరి 17న ఒక బరువైన పలకల వేదిక తెగి వలను చించుకొని పడుటచేత పదిమంది మరణించిరన్నది కూడ చెప్పకున్న సత్యము సగమే యగును. అయినను ఆ వల గుణము ఒకటి గమనింపుడు. అది పనివాని మనసు ఆ దినమున ఎట్లున్నదని అడుగదు. ఇంటినుండి ఉత్తరము రాలేదని బెంగపడినవానిని, రాత్రి నిద్రలేనివానిని, మేస్త్రీ చేత తిట్లు తిన్నవానిని కూడ అది సమానముగ పట్టుకొనును.

అప్పు సంగతి ఇంకను చెప్పలేదు. పాలమూరు కూలీల పేరు వినని తెలుగువాడుండడు. దేశము నలుమూలల ఆనకట్టలు కట్టినవారు వారు. ఊరికి గుంపు మేస్త్రీ వచ్చి ముందుగ కొంత సొమ్ము చేతిలో పెట్టును. ఆ సొమ్ము అప్పటికే పెండ్లికో, వైద్యమునకో, ఎండిన బావికో ఖర్చయియుండును. నెలల తరబడి పరదేశమున చేసిన పని ఆ బాకీలోనికి చెల్లును. బాకీ యున్నవాడు ‘ఈ పరంజా ఊగుచున్నది, నేనెక్కను’ అనగలడా? ఈనాడు హైదరాబాదు కట్టడములలో ఒడిశా, బీహారు, జార్ఖండు, బెంగాలు ప్రాంతములనుండి వచ్చినవారు ఎందరో ఉన్నారు. తెలుగులో వ్రాసిన హెచ్చరిక పలక వారికి గోడమీది బొమ్మవంటిదే. మనవారు మరియొక దిక్కున గల్ఫు దేశములకు పోయి, అరబ్బీ పలకలక్రింద పనిచేయుచున్నారు. దుబాయినుండి తిరిగివచ్చిన ఒక తాపీ పనివాడు అక్కడి కష్టములెన్నియో చెప్పి, ఒక్క సంగతి మాత్రము మెచ్చుకొనెను. ఎమిరేట్లలో జూన్ 15 మొదలు సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నము 12:30 నుండి 3 గంటలవరకు ఆరుబయట యెండలో పని నిషిద్ధము. “ఆ రెండున్నర గంటలు ఎవరినీ అడుక్కోనక్కర్లేదు సార్” అని అతడన్నాడు.

మన దేశమునను శాసనములు లేకపోలేదు. కట్టడపు పనివారి కొరకు 1996లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసినది; 2020లో చేసిన సంహితలో ఆ విషయములు చేర్చబడినవి. బెల్టు, వల, కమ్మీ, భద్రతాధికారి, సంక్షేమ నిధి అన్నియు వాటిలో కలవు. హెల్మెటు ఉన్నదా లేదా యని తనిఖీ చేయవచ్చును. నాలుగు దినముల పనిని మూడు దినములకు కుదించితివా యని ఏ తనిఖీ అధికారి అడుగును?

ఇక మేము చూచిన మంచిని చెప్పుదుము. ఒక యాత్రికుల సత్రము కట్టుచున్నచోట ఒక ముసలి మేస్త్రీని కలిసికొంటిమి. చదువు అయిదవ తరగతి. ప్రొద్దుట పనివారు వచ్చినప్పుడు అతడు ఒక్కొక్కరి ముఖము చూచి రెండే ప్రశ్నలు వేయును: “అన్నం తిన్నావా? నిద్ర పట్టిందా?” నిద్ర పట్టలేదన్నవానిని ఆ పూట పైకి పంపడు. క్రింద ఊచలు వంచుటకో, ఇటుకలు తడుపుటకో పెట్టును. కూలి మాత్రము పైపని కూలియే ఇచ్చును. “కూలి తగ్గిస్తే రేపటినుంచి అందరికీ బాగా నిద్ర పడుతుంది బాబూ” అని నవ్వెను. డావ్ జోహార్ అను శాస్త్రజ్ఞుడు 1980లో ఇజ్రాయెలు కర్మాగారములను పరిశీలించి చెప్పిన సంగతి దీనికి దగ్గరగనే యున్నది: పై అధికారులు నిజముగ దేనికి విలువనిత్తురో పనివారు కనిపెట్టి అట్లే నడచుకొందురు. గోడమీది నినాదమును వారు చదువరు. మేస్త్రీ ముఖమును చదువుదురు. సత్రము పని ఆలస్యమైనదా యని మేము అడిగితిమి. కొంత అయినదని అతడు దాచక చెప్పెను.

మా మొదటి కథకు ఇంకను ఒక తుది మిగిలియున్నది. ఆనాడు యంత్రము కట్టివేసిన తరువాత ఆ సెంట్రింగు పనివాడు మెట్లవరకు మా వెంట వచ్చి, మెల్లగ అనెను: “సార్, రేపు స్లాబు అన్నానే, ఆ మాట రేడియోలో వద్దు. మేస్త్రీ మీదకి వస్తుంది. ఆయనకి నేను ముప్పైవేలు బాకీ.” మేము మాట యిచ్చితిమి. ఇచ్చిన మాట ప్రకారము ఆ ముక్కను కత్తిరించితిమి. అప్పుడు మిగిలినదేమి? సుత్తి చప్పుడు, గాలిహోరు, హెల్మెటు ధరింపుడని మా గంభీరమైన కంఠము. కార్యక్రమము బాగున్నదని ఉత్తరములు వచ్చినవి. అవి చదువుచుండగా మాకు సిగ్గు కలిగినది. ఈ ప్రసంగమునకు అదియే కారణము. ఆ మాట పలికినవాని పేరుగాని, ఊరుగాని, కట్టడముగాని తెలియకుండ ఇప్పుడు చెప్పుచున్నాము.

హెల్మెటులో మేకులేల పోసికొంటివని కూడ ఆనాడే అడిగియుంటిమి. మేకులు పెట్టుకొనుటకు సంచి ఏదియు ఇయ్యలేదని అతడు చెప్పెను. ఈ సంగతి మాత్రము అక్కడి యువ ఇంజనీరు చెవిన వేసితిమి. నెల దాటిన పిదప మరల వెళ్ళితిమి, ఈసారి అన్నముల వేళకు. అందరి నడుములకును గోనెగుడ్డతో కుట్టిన సంచులున్నవి. మేకులు సంచులలోను, హెల్మెట్లు తలలమీదను ఉన్నవి. మమ్ము చూచి అతడు నవ్వుచు తన సంచిని తట్టి చూపెను. బెల్టు కొరకు మేము అటునిటు చూచితిమి. అది ఊచకే వ్రేలాడుచున్నది. పదకొండవ అంతస్తునకు మరునాడు స్లాబు.